రెఫరీ తీర్పు – ఆటగాని ధర్మం

క్రీడలన్నింటిలోనూ ఫుట్‌బాల్ వివాదాలకు ఎక్కువగా తావిచ్చే ఆట. అందుకు ఆటగాళ్ల స్వభావం కన్న ఆట స్వరూపమే ముఖ్య కారణం. క్రికెట్‌లో అంపైరు ఒక పొరపాటు చేస్తే పది వికెట్లలో ఒకటి పోతుంది. మిగిలిన తొమ్మిదింటితో జట్టు కోలుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాల శ్రమకు ఫలితం తరచుగా ఒక్క గోలు, లేదా అదీ లేదు. ఆ ఒక్క గోలు రెఫరీ ఈలపై ఆధారపడినప్పుడు ఆట మొత్తం ఆ ఈలపైనే నిలిచినట్లు తోచుతుంది.

ఇందుకు మన తెలుగునాటి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2020–21 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు ఇరవై ఆటలు ఆడి ఆరు గెలిచింది, మూడు మాత్రమే ఓడింది. తక్కిన పదకొండూ సమంగా ముగిశాయి. 2021 ఫిబ్రవరి 28న గోవా జట్టుతో జరిగిన చివరి ఆటలో గెలిచి ఉంటే నాలుగవ స్థానం దక్కేది. అది కూడా 0–0గా ముగిసింది. 29 పాయింట్లతో హైదరాబాద్ ఐదవ స్థానంలో ఆగిపోయింది. 31 పాయింట్లు గల గోవా ముందుకు సాగింది. ఇటువంటి సీజనులో ఒక్క ఆఫ్‌సైడ్ నిర్ణయం, ఒక్క పెనాల్టీ ఎంత విలువైనదో వేరుగా చెప్పనవసరం లేదు.

మరి రెఫరీలు ఎందుకు పొరబడతారు? ఆఫ్‌సైడ్ నియమాన్నే తీసుకొందాం. సహచరుడు బంతిని తన్నిన క్షణాన, ప్రత్యర్థి అర్ధభాగంలో ఉన్న ఆటగాడు బంతి కన్నా, ప్రత్యర్థులలో చివరి నుండి రెండవవాని కన్నా గోలురేఖకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. ఆ స్థానంలో ఉన్నంత మాత్రాన తప్పు కాదు. ఆటలో పాల్గొన్నప్పుడే తప్పు. గోల్ కిక్, త్రో, కార్నర్ కిక్‌లకు ఈ నియమం వర్తించదు. లైన్‌మన్ ఒకే క్షణంలో రెండు చోట్ల చూడవలసి ఉంటుంది: బంతిని తన్నిన పాదం ఒకచోట, రక్షకుల వరుస మరొకచోట. సెకనుకు ఏడు మీటర్లు పరుగెత్తే ఆటగాడు సెకనులో పదోవంతు కాలంలో 70 సెంటీమీటర్లు సాగుతాడు. రక్షకుడు అదే వేగంతో ఎదురుదిశకు వస్తే ఇద్దరి నడుమ దూరం దాదాపు మీటరున్నర మారుతుంది. కన్ను ఒకచోటి నుండి మరొకచోటికి మరలే లోపలే సత్యం మారిపోతున్నదన్నమాట.

గోలురేఖ విషయమూ అటువంటిదే. బంతి మొత్తం రేఖ మొత్తాన్ని దాటితేనే గోలు. సగం బంతి దాటితే చాలుననుకొనేవారు నేటికీ ఉన్నారు. పక్కనుండి ఏటవాలుగా చూసే ప్రేక్షకునికి దాటని బంతి దాటినట్లు కనిపించవచ్చు. 1966 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండుకు చెందిన హర్స్ట్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి కిందపడింది. లైన్‌మన్ మాటపై గోలు ఇచ్చారు. దానిపై వాదన నేటికీ తీరలేదు. 2010లో అదే ఇంగ్లండుకు జర్మనీపై న్యాయమైన గోలు దక్కలేదు. తరువాత 2012లో గోలురేఖను కనిపెట్టే యంత్రాలకు అనుమతి లభించింది. 2018లో వీడియో రెఫరీ విధానం నియమావళిలో చేరింది. అయినా యంత్రం రేఖను కొలవగలదు గాని, చేతికి బంతి తగిలిందా, చేయే బంతిని తాకిందా అన్న విచక్షణ మనిషిదే.

ఇక తీర్పు నచ్చనప్పుడు ఏమి చేయాలి? 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన నాకౌట్ ఆట ఇందుకు పాఠం. అదనపు సమయంలో సునీల్ ఛెత్రీ ప్రత్యర్థులు సిద్ధపడక ముందే ఫ్రీ కిక్ తన్ని గోలు చేశాడు. రెఫరీ దానిని అంగీకరించారు. కేరళ జట్టు నిరసనగా మైదానం వీడింది. తుదకు బెంగళూరు 1–0తో గెలిచినట్లు ప్రకటించారు. ఆటను తిరిగి జరపాలన్న కోరిక నెగ్గలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కేరళ జట్టుకు నాలుగు కోట్ల రూపాయల జరిమానా, శిక్షకునికి పది ఆటల నిషేధం విధించింది. నిజానికి ఫ్రీ కిక్‌ను త్వరగా తన్నుకొనే హక్కు నియమాలలో ఉన్నది. రెఫరీ ఈలకై ఆగుమని చెప్పినప్పుడే ఆగాలి. వివాదమంతా ఆయన ఆగుమన్నారా లేదా అన్నదే. కేరళ వాదన ఎంత బలమైనదైనా, మైదానంలో నిలిచి ఉంటే గోలు తీర్చుకొనే సమయం వారికి ఉండేది. ఆ అవకాశాన్ని పోగొట్టినది రెఫరీ కాదు.

ఆటలోని సంఘటనలపై రెఫరీ నిర్ణయమే అంతిమమని ఐదవ నియమం చెబుతున్నది. ఆయన ఎన్నడూ పొరబడరని దాని అర్థం కాదు. ఎవరో ఒకరి మాట చివరిది కాకపోతే ఆట సాగదని అర్థం. అయితే ఈ తుదిమాట అధికారం మైదానం గీతల లోపలిదే. వెలుపలి నిర్ణయాలకు విచారణ ఉండవలసిందే. 1936 ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ జట్టు నాయకుడు మన విజయనగరం మహారాజకుమార్. ఆ పర్యటన మధ్యలోనే లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపారు. తరువాత బ్యూమాంట్ సంఘం విచారించి అమరనాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. కాని పోయిన టెస్టులు తిరిగి రాలేదు. ఆటగాని భవిష్యత్తును నిర్ణయించేవారు ముందుగా వినాలి, తరువాత తీర్పు చెప్పాలి.

చేదు ఓటమిని ఎలా స్వీకరించాలో నేర్పిన మహనీయుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. రాజకీయ కారణాలవల్ల ప్రేక్షకులు మన జట్టును అడుగడుగునా గేలిచేశారు. అయినా ఫైనల్‌లో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం సాధించారు. గోళ్లు చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాహెబ్ మరుసటి ఏడు కన్నుమూశారు. గేలికి సమాధానం ఆటలోనే ఉన్నదని ఆ జట్టు నిరూపించింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాల మైదానాలలో వీడియో రెఫరీ ఉండడు. సున్నపు గీత, ఒక ఈల, రెండు జెండాలు మాత్రమే ఉంటాయి. కాబట్టి మన ఏర్పాట్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పోటీలకు ఏ జట్టుకూ చెందని రెఫరీని పిలవాలి. లైన్‌మన్లుగా నిలిచే విద్యార్థులకు ముందుగా నియమాలు బోధించాలి. ఆట ఆరంభానికి ముందే గీతలు స్పష్టంగా గీయించాలి. రెఫరీతో కెప్టెన్ మాత్రమే మాట్లాడాలి. 2024 యూరోపియన్ కప్‌లో ఈ పద్ధతినే పాటించారు. ఫిర్యాదు ఉంటే ఆట ముగిసిన పిదప వ్రాతపూర్వకంగా కమిటీకి ఇవ్వాలి. కమిటీ ఇరుపక్షాలనూ విని సమాధానమివ్వాలి.

ఉర్దూలో ఇన్సాఫ్ అన్నా, తెలుగులో న్యాయమన్నా భావం ఒక్కటే: మనకు అనుకూలమైనప్పుడు ఒప్పుకొన్న నియమాన్ని, ప్రతికూలమైనప్పుడు కూడా ఒప్పుకోవడం. స్వల్ప తేడాతో ఓడిన జట్టుకు రెఫరీ పొరపాటు ఒక్కటే జ్ఞాపకముంటుంది. తాను వృథా చేసిన అవకాశాలు జ్ఞాపకముండవు. ఈ రెండవ లెక్కను నిజాయితీగా వేసుకొన్న జట్టే మరుసటి ఏడు గెలుస్తుంది. పదకొండు ఆటలు సమం చేసిన ఆ హైదరాబాద్ జట్టే 2022 మార్చి 20న పెనాల్టీలలో కేరళను ఓడించి విజేతగా నిలవడం అందుకు సాక్ష్యం.