ఆరున్నర సెంటీమీటర్ల ఇల్లు

మా అక్క కొడుకు ఉద్యోగస్తుడే. అయినా ఆదివారం వచ్చిందంటే కత్తి, స్కేలు, ఫెవికాల్ డబ్బా ముందర పెట్టుకొని అట్టముక్కలతో ఇండ్లు కడుతూ కూర్చుంటాడు. మొన్న వానాకాలంలో పూర్తి చేసింది విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు బంగళా. మూలన గుండ్రటి బురుజు, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు, కమ్మీల గేటు, కప్పు మీద ఎనిమిది పొగగొట్టాలు. మా బాపు కళ్లద్దాలు పెట్టుకొని దాన్ని నాలుగు దిక్కులా తిప్పి చూశాడు.

"మంచిగున్నదిరా. మరి ఈ సేటు మిల్లుల పనిచేసేటోళ్లు యాడుంటరు?" అన్నాడు.

వాడు నవ్వేసి ఊరుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "మామా, తాత అడిగింది కరెక్టే. ఆ ఇండ్లు ఎవ్వరూ కట్టరు. నేను కడతా, నువ్వు కూడా రా" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలల ఆదివారాలు నావి కూడా అందులోనే పోయాయి.

ఆట సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఊరో, అడవో, యుద్ధభూమో పరుస్తారు. మన బొటనవేలి సగమంత మనుషుల బొమ్మలను దాని మీద నడిపిస్తారు. ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు, దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు వేసి తేలుస్తారు. ఇందులో ఇల్లు అలంకారానికి కాదు. గోడ చాటున ఉన్నవాడికి దెబ్బ తగలదు, కిటికీలోంచి కనిపిస్తే తగులుతుంది. అందుకని కప్పు ఊడి వచ్చేలా కడతారు, బొమ్మను లోపల పెట్టడానికి. ఇది నిన్న మొన్నటి పిచ్చి కూడా కాదు. హెచ్.జి. వెల్స్ అనే పేరున్న ఆంగ్ల రచయిత 1913లోనే 'లిటిల్ వార్స్' అని దీని మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన బొమ్మ సైనికుల మీద బొమ్మ ఫిరంగితో చెక్కముక్కలు పేల్చేవాడు.

విక్టోరియా రాణి ఏలిన 1837 నుంచి 1901 దాకా కాలమంటే ఈ ఆటగాళ్లకు మహా ఇష్టం. పొగమంచు, గ్యాసు దీపాలు, గుర్రపు బండ్లు, షెర్లాక్ హోమ్స్ లాంటి డిటెక్టివులు, దయ్యాలు. కాబట్టి బంగళాలు, చర్చిలు, సారాయి దుకాణాలు కడతారు. ఆ కాలంలో మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్లలో లక్షల మంది ఉన్న ఇండ్లు మాత్రం బల్ల మీద తక్కువ. వాటిని వాళ్లు 'బ్యాక్ టు బ్యాక్' అంటారు. ఇద్దరు మనుషులు వీపుకు వీపు ఆనించి కూర్చున్నట్టు ఉంటాయి రెండు ఇండ్లు. వెనక గోడ ఇద్దరిదీ ఒకటే, పక్క గోడలు పక్కింటోళ్లతో కలిసి ఉంటాయి. నాలుగు గోడల్లో మూడు అవతలివాళ్లతో ఉమ్మడి. మిగిలిన ఆ ఒక్క గోడకే తలుపు, దానికే కిటికీ. కింద ఒక గది, దాని మీద ఒకటో రెండో గదులు, అంతే ఇల్లు. ఒక వరస వీధి వైపు చూస్తుంది, దాని వీపున ఉన్న వరస లోపలి వాకిలి వైపు చూస్తుంది. ఆ వాకిట్లో అందరికీ కలిపి ఒక నీళ్ల పంపు, ఒక మూలన నాలుగైదు పాయఖానాలు.

కొలతలు తీసిన రోజు అసలు గొడవ మొదలైంది.

28 మిల్లీమీటర్ల బొమ్మ మనిషికి సరిపోవాలంటే అసలు ఇంటిని 56వ వంతుకు తగ్గించాలి. పన్నెండడుగుల గది అప్పుడు ఆరున్నర సెంటీమీటర్లు అవుతుంది. ఎనిమిదడుగుల ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బొమ్మలన్నీ 25 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల మీద నిలబడి ఉంటాయి. మా వాడు అట్ట మీద ఆరున్నర సెంటీమీటర్ల చదరం గీసి అందులో బొమ్మలు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నడుమ ఐదోది ఇరికింది. ఆరోది పట్టలేదు.

"ఇట్లయితే ఆడలేం మామా. తొమ్మిది సెంటీమీటర్లు చేద్దాం" అన్నాడు. ఆటగాళ్లందరూ చేసే పనే అది. ఆట సాగడానికి గదులు పెద్దవి చేస్తారు.

బాపు మంచం మీద నుంచే, "ఎంత గది అది?" అని అడిగాడు. పన్నెండు బై పన్నెండు అన్నాను.

"మనది పది బై పన్నెండు. అండ్ల ఏడుగురం పన్నం. పట్టదంటే ఎట్లరా? పట్టింది" అన్నాడు.

పరేల్‌లో సాంచెల ఖాతాలో పనిచేసినన్ని రోజులు ఆయన ఉన్నది ఆ ఖోలీలోనే. నేను పుట్టిందీ అక్కడే. పగటి షిఫ్టువాడు లేచి పోతే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే చాప మీద పడుకునేవాడు. ఇంగ్లండు కార్మికుల ఇండ్లలోనూ సంసారం కాక అద్దెకు ఉండే మనుషులు కూడా ఉండేవాళ్లు. చివరికి గది ఆరున్నర సెంటీమీటర్లే ఉంచాం. ఆట కష్టమైతే కష్టమే.

ఒక చోట మాత్రం రాజీ పడక తప్పలేదు. వీధిలోంచి లోపలి వాకిట్లోకి పోవడానికి రెండు ఇండ్ల మధ్య సొరంగం లాంటి సందు ఉంటుంది. అసలుది మూడడుగులైతే మనకు వచ్చేది 16 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల బిళ్ల అందులో దూరదు. దాన్ని 30 చేశాం. తలుపులు కూడా ఒక పిసరు పెంచాం, బిళ్ల మీద నిలబడ్డ బొమ్మ తల దూలానికి తగలకుండా.

కట్టడం గురించి. గోడలకు 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు. అంటే మధ్యలో ఫోమ్, రెండు వైపులా కాగితం అంటించిన పలక. స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది. ఇంగ్లండు ఇటుక పొడవు తొమ్మిది అంగుళాలు, 56వ వంతుకు నాలుగు మిల్లీమీటర్లు. కాబట్టి ఈ పలక మందం ఒక ఇటుక మందపు గోడకు దాదాపు సరిపోతుంది. అయితే ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1845లో అచ్చయిన తన పుస్తకంలో ఇంకో మాట రాశాడు. మాంచెస్టర్‌లో చాలా ఇండ్లకు బయటి గోడలు కూడా సగం ఇటుక మందమే ఉన్నాయట. ఆయన పరాయివాడేం కాదు, ఆ ఊళ్లో మిల్లులో వాటా ఉన్న సేటు కొడుకు. ఆఫీసు పని చేస్తూనే గల్లీలు తిరిగి చూశాడు. వరసలు ఎలా వేశారో పటాలు కూడా గీసి పెట్టాడు, మాకు పనికొచ్చాయి. అందుకని లోపలి ఉమ్మడి గోడలకు ఫోమ్ మానేసి రెండు మిల్లీమీటర్ల అట్ట వాడాం. పెండ్లి పత్రికల డబ్బా అట్ట దీనికి భేషుగ్గా ఉంటుంది. ఆ గోడకు ఇవతల గుసగుసలాడితే అవతల వినిపిస్తుందని కట్టేటప్పుడే అర్థమవుతుంది.

ఇటుకలు తేవాలంటే ఫోమ్ బోర్డు ఒక వైపు కాగితాన్ని తడిపి ఒలిచేయాలి. లోపలి ఫోమ్ మీద సిరా అయిపోయిన రీఫిల్‌తో గీతలు నొక్కాలి. ముందు అడ్డం గీతలన్నీ, తర్వాత నిలువువి. వరుస ఎత్తు మిల్లీమీటరున్నర లోపే, కండ్లు లాగుతాయి. ఉత్తర ఇంగ్లండులో ఎక్కువగా కనిపించే వాటం ఒకటుంది. మూడో ఐదో వరుసలు ఇటుకను పొడవుగా పేర్చి, ఆపై ఒక్క వరుస ఇటుక తల మాత్రమే కనిపించేలా అడ్డంగా పెడతారు. అలా ఖర్చు తగ్గుతుంది. గోడంతా గీయాల్సిన పని లేదు. తలుపు చుట్టూ, మూలల దగ్గర, గచ్చు ఊడిన చోట గీస్తే మిగతాది కన్నే పూరిస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒలిచిన ఫోమ్ మీద స్ప్రే రంగు కొడితే అది కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్‌లో నల్ల రంగు కలిపి బ్రష్షుతో ఒక పూత పూయాలి. మా మొదటి గోడ అలాగే పోయింది.

కప్పుకు పలక రాయి. రైళ్లు వచ్చాక వేల్స్ గనుల పలకలు దేశమంతా చవకగా చేరాయి, అందుకే కూలీల ఇండ్లకు కూడా అదే కప్పు. మందపాటి కాగితాన్ని పట్టీలుగా కోసి, ప్రతి నాలుగున్నర మిల్లీమీటర్లకు ఒక గాటు పెట్టి, చూరు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా అంటించుకుంటూ పోవాలి. పై నుంచి మొదలుపెట్టి అంటిస్తే, నిజం ఇల్లైతే, వానంతా లోపలే.

కిటికీ దగ్గర మా వాడు మొదట చేసిన తప్పు చాలామంది చేస్తారు. ఇంగ్లండు కిటికీ మన కిటికీలా రెక్కలు తెరుచుకోదు. రెండు చట్రాలు పైకీ కిందికీ జరుగుతాయి. పైది బయటి వైపు, కిందిది దాని వెనక. అట్టతో చేసినా ఆ తేడా ఒక అట్ట మందమైనా చూపించాలి. ఇంకోటి, ఇల్లు ఏ కాలానిదో కిటికీయే చెబుతుంది. గాజు మీద పన్ను 1845లో పోయింది, ఇటుక మీద పన్ను 1850లో, కిటికీ మీద పన్ను 1851లో. అవును, ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో లెక్కబెట్టి పన్ను వేసేవాళ్లు! కాబట్టి పాత ఇంటికి చిన్న చిన్న అద్దాలు అనేకం, తర్వాతి ఇంటికి పెద్ద అద్దాలు రెండో నాలుగో. మేము కట్టేది 1840ల వరస కాబట్టి చిన్న అద్దాలే పెట్టాం, ఒకటి పగిలితే గుడ్డ కుక్కినట్టు కూడా చేశాం.

పొగగొట్టాలు ఎన్నో లోపల పొయ్యిలు అన్ని అనుకోవచ్చు, ఒక్కో పొయ్యికి ఒక్కో గొట్టం ఉండేది కాబట్టి. బంగళాకు ఎనిమిది పెట్టాడు కదా, ఇక్కడ ఇంటికి రెండు. ఫ్రూటీ స్ట్రాను ఒకటిన్నర సెంటీమీటర్లకు కోస్తే సరిగ్గా సరిపోతుంది. రంగు ఎర్రగా వేసి వదిలేస్తే అది మాంచెస్టర్ కాదు. నల్ల రంగును నీళ్లలో బాగా పలచన చేసి పై నుంచి కిందికి కారనివ్వాలి, కిటికీ గట్టు కింద, చూరు కింద ఎక్కువ. ఆ ఊళ్లో మసి ఎంతంటే, తెల్లగా ఉండే ఒక జాతి చిమ్మటలో నల్ల రకాన్ని మొదట గుర్తించింది అక్కడే, 1848లో. మసి పట్టిన చెట్ల మీద నల్లవే పిట్టల కంట పడకుండా బతికి, తెల్లవాటికంటే ఎక్కువైపోయాయి.

మిల్లు గొట్టం పెట్టాలని బాపు పట్టు. రెండు వందల అడుగుల గొట్టం మన లెక్కలో మీటరు దాటుతుంది, బల్ల మీద నిలబెడితే ఫ్యానుకు తగిలేట్టుంది. భివండి నుంచి చుట్టం తెచ్చిన నూలు కోను ఒకటి ఇంట్లో ఉంది. కింద లావు, పైన సన్నం, అచ్చం గొట్టం వాటమే. దాని ఎత్తుకు ముప్పై అడుగుల గొట్టం అవుతుంది. చిన్న కార్ఖానా అనుకొని వెనక మూలన పెట్టేశాం.

అన్నీ ఇలాంటి ఇండ్లే కాదు. టైటస్ సాల్ట్ అనే ఉన్ని మిల్లు యజమాని బ్రాడ్‌ఫర్డ్ బయట సాల్టైర్ అని ఊరే కట్టించాడు. మిల్లు 1853లో తెరిచాడు. ఇంటింటికీ నీళ్లు, వెనక పెరడు, సొంత పాయఖానా. ఇప్పుడది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. కాని అక్కడా వరస చివర ఉన్న పెద్ద ఇల్లు మేస్త్రీది. మన మిల్లుల్లో జాబర్‌కు ఖోలీ వేరే ఇచ్చినట్టే. బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ పుట్టింది 1854లో. ఆ తర్వాత ఇక్కడి మిల్లుల్లో దిగిన యంత్రాల్లో ఎన్నో ఓల్డ్‌హామ్‌లోని ప్లాట్ బ్రదర్స్ వాళ్లవి. బాపుకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ ఆ ఇనుప అక్షరాల పేరు గుర్తుంది. ఓల్డ్‌హామ్ మాంచెస్టర్ పక్క ఊరే అని చెబితే, "అయితే ఆ మిషిన్లు పోతపోసినోళ్ల ఇండ్లా ఇయ్యి?" అని వరసను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ఇలాంటి కొత్త ఇండ్లు కట్టొద్దని 1909లో చట్టం వచ్చింది. అయినా లీడ్స్‌లో 1937 దాకా కడుతూనే ఉన్నారు. బర్మింగ్‌హామ్‌లో అలాంటి వాకిళ్లన్నీ కూల్చేయగా ఒక్కటి మిగిలింది. దాన్ని నేషనల్ ట్రస్ట్ బాగుచేసి 2004 నుంచి జనానికి చూపిస్తోంది. పేదవాడి ఇల్లు చూడ్డానికి టికెట్టు.

దీపావళి తర్వాతి ఆదివారం మా వాడి స్నేహితులు వచ్చి ఆ బల్ల మీద మొదటిసారి ఆడారు. బంగళాలో దూరినవాడికి వెనక తలుపు, పక్క కిటికీ, మెట్ల కింద దారి. వరస ఇంట్లో దూరినవాడికి వచ్చిన తలుపే గతి. ఎదురుగా ఒక్కడు నిలబడితే లోపల నలుగురూ చిక్కినట్టే. వెనక నుంచి గాలి కూడా రాదని ఆనాటి డాక్టర్లు ఈ ఇండ్ల మీద మొత్తుకున్నదీ అందుకే. సందు ఎవడి చేతిలో ఉంటే వాకిలి వాడిది. రెండు ఆటల్లోనే అందరికీ తెలిసిపోయింది, ఇక ఎవ్వరూ ఆ ఇండ్లలోకి బొమ్మల్ని పంపడం లేదు.

వాకిట్లో పంపు గుండుసూదితో చేశాం. బాపు చూసి బకెట్లేవి అన్నాడు. అగరొత్తుల డబ్బా మూత కత్తిరించి ఏడు బకెట్లు చేసి వరసలో పెట్టాం. తర్వాత ఒక రోజు మేము లేనప్పుడు ఆయనే కోను నుంచి నలభై నంబరు నూలు తీసి, ఈ చూరు నుంచి ఆ చూరుకు వాకిలి అడ్డంగా ఐదు దండేలు కట్టాడు. చేతులు వణుకుతాయి గానీ ముడి మాత్రం సాంచె మీద తెగిన పోగుకు వేసే ముడే, గింజంత కూడా కనబడదు. సిగరెట్టు కాగితంతో చొక్కాలు, చీరలాంటిదొకటి వేలాడదీశాడు. ఇంగ్లండులో చీర ఏంది తాతా అంటే, "దుప్పటి అనుకోరాదు" అన్నాడు.

ఆ దండేల వల్ల బొమ్మను వాకిట్లో పెట్టాలంటే చెయ్యి దూరదు, టేపు తగులుకుంటుంది. తీసేద్దామని మా వాడు రెండుసార్లు అడిగాడు. బాపు ఇంకా సరే అనలేదు.