లినక్సు యంత్ర నిర్వహణము: తొలి పాఠములు

ఆండ్రాయిడ్ ఫోను చేతనున్న ప్రతి గృహస్థుడును తెలిసియో తెలియకయో లినక్సును వాడుచున్నాడు. ఆ ఫోను లోపలి పనులన్నిటికిని ఆధారమైన కెర్నెల్ లినక్సే. ప్రపంచమునందలి మిక్కిలి వేగవంతములైన 500 కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు మొదలు ప్రతి యంత్రమును దానితోడనే నడచుచున్నది. అయితే వాడుట వేరు, నిర్వహించుట వేరు. వాడువానికి తన పని జరిగిన చాలును. నిర్వహించువాడు పదిమంది పనికి పూచీపడవలెను. ఆ పూచీ యెట్టిదో, దానికై మొదట నేర్వవలసిన వేవియో నేడు ముచ్చటింతము.

ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడువవలెనో, ఎవరి ఫైలు ఎక్కడ నుండవలెనో ఏర్పాటు చేయునది ఆపరేటింగ్ సిస్టమ్. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్సు నిర్మాణమునకు పూనుకొనిరి. ఆ పద్ధతిలోనే, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొనదగిన వ్యవస్థను నిర్మింతునని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, లినక్సు కెర్నెల్‌ను వెలువరించెను. 1992లో అది గ్నూ లైసెన్సు క్రిందికి వచ్చెను. ఆ లైసెన్సును బట్టి ప్రోగ్రాముల మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. పంచినపుడు అదే హక్కును వారికిని ఈయవలెను. కావున దీనిని నేర్వదలచినవారికి పెద్ద పెట్టుబడి యక్కరలేదు. ఇంట మూలబడిన పాత కంప్యూటరు చాలును.

తొలుత టెర్మినల్ తెరచి, ఆదేశములను అక్షరములతో వ్రాయుట అలవరచుకొనవలెను. ‘ఎల్‌ఎస్’ అని వ్రాసిన ఎదుటనున్న ఫైళ్ల జాబితా కనబడును. ‘మ్యాన్’ అని వ్రాసి, దాని ప్రక్కన వలసిన ఆదేశము పేరు చేర్చిన, ఆ ఆదేశమునకు సంబంధించిన వివరణము వచ్చును. గురువు లేని చోట ఇదియే గురువు.

ఫైళ్ల అమరిక ఒక చెట్టును పోలియుండును. దాని మొదలునకు రూట్ డైరెక్టరీ యని పేరు. అందలి ‘హోమ్’ అను కొమ్మలో వాడుకరుల సొంత ఫైళ్లును, ‘ఎట్‌సీ’ యందు యంత్రపు ఏర్పాట్లును, ‘వార్’ లోని ‘లాగ్’ నందు యంత్రము తన పనులను గూర్చి వ్రాసికొను దినచర్యయు ఉండును. యంత్రము మొరాయించినపుడు మొట్టమొదట చదువవలసినది ఈ దినచర్యనే.

ప్రతి ఫైలునకును ఒక యజమాని, ఒక గుంపు కలదు. యజమాని, గుంపువారు, ఇతరులు అను మూడు తెగలవారికిని చదువుట, వ్రాయుట, నడుపుట అను మూడు అధికారములను వేర్వేరుగా ఈయవచ్చును. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని లెక్క. ఒక ఫైలునకు 640 అని యున్నచో, యజమాని దానిని చదువవచ్చును, వ్రాయవచ్చును. గుంపువారు చదువుట మాత్రమే. ఇతరులకు ఏ యధికారమును లేదు. ఈ హద్దులు అడ్డురానివాడు ఒక్కడే. అతడు సర్వాధికారి, చెట్టు మొదలునకు వలెనే అతనికిని రూట్ అనియే పేరు.

ఆ సర్వాధికారమును గూర్చి నాకు పుస్తకమువలన గాక తప్పువలన తెలిసినది. 2015లో, ప్రసంగముల ధ్వనిముద్రణలుంచు ఒక లినక్సు యంత్రపు సంరక్షణ కొన్నాళ్లు నా వంతునకు వచ్చెను. ‘పాత’ అని మొదలగు పేరుగల ఫైళ్లను తొలగింపనెంచి, రూట్‌గా ప్రవేశించి, ‘ఆర్‌ఎం’ అను తొలగింపు ఆదేశమును వ్రాసితిని. ‘పాత’ వెంటనే నక్షత్రపు గుర్తు నుంచవలెను. తరువాతి యక్షరము లేవైనను సరేయని దాని భావము. చేయి జారి ఆ రెండింటి నడుమ ఒక ఖాళీ పడినది. విడిగా నిలిచిన నక్షత్రమునకు ‘ఇచటి ఫైళ్లన్నియు’ అని అర్థము. యంత్రము నన్ను మారుమాట యడుగలేదు. ‘పాత’ అను ఫైలు లేదని మాత్రము చెప్పి యూరకున్నది. అప్పటికే ఆ డైరెక్టరీ శూన్యమైనది.

వారమునకొకసారి వేరొక డిస్కులోనికి నకలు తీయుచుండుటచేత తక్కినవన్నియు దక్కినవి. ఆ వారముననే ముద్రించిన ఒక వృద్ధురాలి బాల్యస్మృతులు మాత్రము పోయినవి. ఆమె కోపింపక మరల వచ్చి చెప్పినది. కాని మొదటినాడు తన పెండ్లి ముచ్చట చెప్పుచు నవ్విన నవ్వు రెండవసారి రాలేదు.

ఫైలును తొలగించుటకు సాధారణముగా కావలసినది అది యున్న డైరెక్టరీలో వ్రాయు అధికారము. అక్కడ ఆ యధికారము రూట్‌నకు మాత్రమే యుండెను. నేను సామాన్య వాడుకరిగా ప్రవేశించియున్నచో ‘అనుమతి లేదు’ అని యంత్రమే నన్ను నిలువరించి యుండెడిది.

కావున నిత్యకృత్యములను సామాన్య వాడుకరిగనే జరుపుకొనవలెను. తప్పనిసరియైనపుడు, ఆ యొక్క ఆదేశమునకు మాత్రమే ‘సుడో’ ద్వారా అధికారము తెచ్చుకొనవలెను. ఎవరు ఏ యాదేశము నిచ్చిరో దినచర్యలో నమోదగుట దానివలని మరియొక లాభము. తొలగించుటకు ముందు, అదే నక్షత్రమును ‘ఎల్‌ఎస్’ ప్రక్కన నుంచి, ఏయే పేర్లు వచ్చునో చూచుకొనవలెను. భద్రతకు సంబంధించిన సవరణలను ఆలస్యము చేయక చేర్చుకొనవలెను. నకలు తీయుటతో తృప్తిపడక, అప్పుడప్పుడు ఆ నకలునుండి ఒక ఫైలును తిరిగి రాబట్టి చూడవలెను; రాబట్టి చూడని నకలును నమ్మరాదు.

ఈ పాఠములను పాత కంప్యూటరుమీద, అందు దాచుకొనదగిన దేదియు లేనపుడు, అభ్యసింపుడు. కావలెననియే ఫైళ్లను పోగొట్టి, నకలునుండి మరల రాబట్టుడు. ఆ యంత్రము పూర్తిగా చెడినను, లినక్సును తొలినుండి మరల నెక్కించుకొనవచ్చును. పదిమంది ఫైళ్లున్న యంత్రము చెంతకు అటుపిమ్మటనే పోవలెను.