ముక్కు బుడిపెల వ్యాధి: చర్మమున జరుగు మార్పులు

పారిస్ నగరమందలి లూవ్ర్ చిత్రశాలలో ఇటలీ చిత్రకారుడు గిర్లాండాయో 1490 ప్రాంతమున చిత్రించిన పటమొకటి కలదు. అందొక వృద్ధుడు మనుమని అక్కున జేర్చుకొని యున్నాడు. వృద్ధుని ముక్కు నిండ బుడిపెలే. బాలుడు మాత్రము ఆ ముఖమునే ప్రేమతో చూచుచున్నాడు. లోకమునకు ఆ బాలుని చూపు అబ్బలేదు. ఇట్టి ముక్కు గలవాడు త్రాగుబోతని ఐరోపాలో తరతరములుగా నింద మోపుచు వచ్చిరి. ఆ నింద యెంతవఱకు నిజమో తెలియవలెనన్న చర్మపు లోపొరలను చూడవలెను.

వైద్యులు దీనిని రైనోఫైమా యందురు. ఇది ముఖము ఎఱ్ఱబారు రోసేషియా అను దీర్ఘవ్యాధికి ముదిరిన రూపము. నడివయసు దాటిన పురుషులలో హెచ్చు.

సూక్ష్మజీవులను ఎదిరించుటకు చర్మమునకు స్వంత ఆయుధములు కలవు. వానిలో కాథెలిసిడిన్ ఒకటి. రోసేషియా రోగుల చర్మమున ఇది మితిమీరి తయారగును; కల్లిక్రీన్ 5 అను ఎంజైము దానిని ఖండించి చురుకైన తునుకలుగా మార్చును. ఈ తునుకలు క్రొత్త రక్తనాళములను మొలిపించి, శోథకణములను రప్పించును. రోమకూపములలో నివసించు డెమోడెక్స్ అను కంటికానని పురుగులు హెచ్చి ఈ మంటను ఎగద్రోయునని పలువురి అభిప్రాయము. దొంగకై దూసిన కత్తి తన యింటి గుంజనే నఱకినట్లున్నది!

ఈ మంట ఏండ్ల తరబడి సాగగా తైలగ్రంథులు ఉబ్బును. వాని నాళములు వెడల్పయి, జిడ్డుతోను కెరటిన్ పొట్టుతోను నిండును. టీజీఎఫ్-బీటా అను వృద్ధిసంకేతము హెచ్చి, ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్ నారను పేర్చుచు పోవును. కొందఱిలో గ్రంథుల పెరుగుదలయే ప్రధానము. తీవ్రరూపమున నార దట్టమై గ్రంథులనే మ్రింగివేయును. అంతశ్చర్మము మచ్చవలె గట్టిపడును. ఇంత జరిగినను అడుగున నున్న మృదులాస్థి సాధారణముగా చెడదు.

మద్యము రక్తనాళములను విప్పార్చి ఎఱ్ఱదనమును హెచ్చింపవచ్చును. కాని ఎన్నడును మద్యము ముట్టనివారికిని ఈ వ్యాధి వచ్చుచున్నది. మనవంటి చామనచాయవారిలో తొలి ఎఱ్ఱదనము కంటికి స్పష్టముగా కానరాదు. కావున వ్యాధి ఆలస్యముగా బయటపడుట కలదు.

గ్రంథులు ఉబ్బుచున్న దశలో ఐసోట్రెటినాయిన్ వంటి మందు వానిని కుదించును. పేరుకొన్న నారను మందులు కరగింపజాలవు. అప్పుడు శస్త్రవైద్యుడు పెరిగిన భాగమును పొరలు పొరలుగా చెక్కును. గ్రంథుల అడుగుభాగములను మాత్రము ఉంచును. అచ్చటి కణములే ప్రాకి, క్రొత్త చర్మమును కప్పును. చెక్కిన కండను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపవలెను. అరుదుగా బుడిపెల నడుమ చర్మపు క్యాన్సరు దాగియుండును.