ఇంటర్వ్యూ సాధన: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ తూర్పు భాగంలో అంబర్‌పేట్ నుంచి ఉప్పల్, నాచారం వరకు నివసించే ఉద్యోగార్థులకు నాచారం పారిశ్రామికవాడలోని కర్మాగారాలు, ఉప్పల్, పోచారంలలోని ఐటీ సంస్థలు, హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ వంటి పరిశోధనశాలలు అందుబాటులో ఉన్నందువల్ల, ఒకదానితో మరొకదానికి పోలికలేని ఇంటర్వ్యూలు ఎదురవుతాయి. అన్నింటికీ ఒకే తీరు సన్నద్ధత చాలునన్న భావనే కింది అపోహలకు మూలం.

అపోహ 1: ప్రభుత్వోద్యోగానికి ఇంటర్వ్యూ తప్పదు.

వాస్తవం: కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-బి నాన్ గెజిటెడ్, గ్రూప్-సి పోస్టులకు ఇంటర్వ్యూలను తొలగించగా, తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలలో వాటిని రద్దు చేసింది. సివిల్ సర్వీసులలో మాత్రం వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఇంటర్వ్యూ కొనసాగుతున్నది. తుది ఎంపికకు లెక్కించే 2025 మార్కులలో దానికి 275 మార్కులున్నాయి. కనుక నోటిఫికేషన్‌లోని ఎంపిక విధానాన్ని చదివిన తరువాతనే సాధనకు ఎంత సమయం కేటాయించాలో నిర్ణయించుకోవాలి.

అపోహ 2: జవాబులను కంఠస్థం చేయడమే సాధన.

వాస్తవం: రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాలలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత ఎక్కువ చెప్పగలిగినా, పుస్తకం మూసి గుర్తు చేసుకుంటూ అభ్యసించినవారికి వారం తరువాత ఎక్కువ అంశాలు జ్ఞాపకం ఉన్నాయి. కనుక వాక్యాలను వల్లె వేయడం కన్నా, ముఖ్యాంశాలను మాత్రమే మనసులో ఉంచుకొని, అదే ప్రశ్నను పలు రూపాలలో అడిగించుకొని, ప్రతిసారీ కొత్త మాటలతో గట్టిగా చెప్పడం మేలు.

అపోహ 3: మాక్ ఇంటర్వ్యూలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: అసలు ఇంటర్వ్యూను పోలినట్లు ముందుగా జరిపే ఈ అభ్యాసంలో సంఖ్య కన్నా సవరణ ముఖ్యం. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్‌సన్ బృందం 1993లో ప్రతిపాదించిన ఉద్దేశపూర్వక సాధన అనే భావన ప్రకారం, ఒక నిర్దిష్ట లోపాన్ని గుర్తించి, తెలిసినవారి అభిప్రాయం తీసుకొని, దానిని దిద్దుకుంటూ అభ్యసించినప్పుడే నైపుణ్యం పెరుగుతుంది. ఔషధ కర్మాగారంలో నాణ్యతా విభాగానికి వెళ్లే అభ్యర్థిని, పరీక్ష ఫలితం నిర్ణీత పరిమితిని దాటితే ఏ క్రమంలో విచారణ జరపాలో ఆ పని తెలిసిన వ్యక్తి అడిగితే బయటపడే లోపం, ఆత్మపరిచయాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పించుకున్నా బయటపడదు.

అపోహ 4: ఇంటర్వ్యూలో మాటల పాలు 7 శాతమే, మిగతా 93 శాతం హావభావాలది, కంఠస్వరానిది.

వాస్తవం: ఈ అంకెలు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చినవి. మాటకు, స్వరానికి, ముఖకవళికలకు పొంతన లేనప్పుడు వక్త ఇష్టాయిష్టాలను శ్రోత ఎలా అంచనా వేస్తాడన్నదే అక్కడి ప్రశ్న. విషయ పరిజ్ఞానాన్ని తూచే సందర్భానికి అవి వర్తించవు.

అపోహ 5: ఆంగ్లం ధారాళంగా రానివారికి సాధన వృథా.

వాస్తవం: కాల్ సెంటర్ కొలువులో సంభాషణే పని కాబట్టి అక్కడ ధారాళమైన ఆంగ్లానికి విలువ ఉంటుంది. కానీ పరిశోధనశాలలో ప్రాజెక్టు సిబ్బంది ఎంపికకు వచ్చేసరికి, తాను చేసిన ప్రయోగంలో ఏ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నదీ చిన్న వాక్యాలలో స్పష్టంగా వివరించగలగడం ప్రధానం. సివిల్స్ మెయిన్స్‌ను తెలుగు మాధ్యమంలో రాసినవారు వ్యక్తిత్వ పరీక్షకు సైతం తెలుగునే ఎంచుకోవచ్చు. కనుక ఏ భాషలో సాధన చేయాలో, ఎవరిచేత ప్రశ్నలు అడిగించుకోవాలో నిర్ణయించవలసింది దరఖాస్తు చేసిన ఉద్యోగ స్వభావమే.