వంగినది వంతెనా, కటకమా?

రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలు కొరకు నిర్మింపబడిన వంతెనలు మూడు కలవు. మొదటిది 1900లో పూర్తియైన హేవలాక్ వంతెన. ఇనుప గర్డర్లతో, 56 ఖానాలతో, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున ఇది నదిని దాటును. 1997లో దీనిపై రైళ్ళ రాకపోకలు నిలిచిపోయినవి. రెండవది 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన. దీని పొడవు 4.1 కిలోమీటర్లు. మూడవది హేవలాక్ వంతెనకు బదులుగా 1997లో వాడుకలోనికి వచ్చిన ఆర్చి వంతెన. దీనికి 97.55 మీటర్ల ఖానాలు 28 కలవు. ఒక్కొక్క ఖానాపై కాంక్రీటు విల్లు నిలిచియుండును.

ఈ వంతెనల ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారికి ఒక చిక్కు ఎదురగును. తిన్ననైన హేవలాక్ వంతెన కొన్ని చిత్రములలో నడుమ ఆకాశమువైపు ఉబ్బినట్లు కన్పట్టును. మరికొన్నింటిలో నడుమ క్రుంగినట్లుండును. రోడ్డు-రైలు వంతెన మాత్రము రాజమహేంద్రవరము వైపు కొసన, ఊరి కట్టడములను తప్పించుటకై, నిజముగనే వంపు తిరుగును. ఆర్చి వంతెన విల్లులు నిజమైన విల్లులే. వాటి క్రింది పట్టాల దారి మాత్రము తిన్ననిది. కావున చిత్రములో కన్పట్టు వంపులలో ఇంజనీరు పెట్టినదేది, కెమెరా పెట్టినదేది అను ప్రశ్న పుట్టుచున్నది.

ఇట్టి వికారములన్నింటిని జనులు "వైడ్ ఆంగిల్ లెన్సు దోషము" అని ఒక్క పేరుతో పిలుతురు. నిజమునకు ఇవి మూడు వేర్వేరు విషయములు. మూడింటికి కారణములు వేరు, చికిత్సలు వేరు. ఒకదాని మందు మరొకదానికి వేసినచో రోగము హెచ్చును.

విశాలకోణము ఏల?

పాత ఫిల్ము కెమెరాలో చిత్రపు చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు కలది. దీనికి 50 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమును అమర్చినచో అడ్డముగా సుమారు 40 డిగ్రీల దృశ్యము పట్టును. నాభ్యంతరము 24 మిల్లీమీటర్లైనచో 74 డిగ్రీలు పట్టును. 2.7 కిలోమీటర్ల వంతెనను నదిలో పడవపై నుండి, సరిగా ఎదురుగా, కొసనుండి కొసవరకు తీయదలచిన వాడు మొదటి కటకముతో సుమారు 3.75 కిలోమీటర్ల దూరము పోవలెను. రెండవ దానితో 1.8 కిలోమీటర్లు చాలును. ఇరుకు వీథిలోని గోపురమును, చిన్న పందిరిలోని పెండ్లివారిని తీయువారికి వెనుకకు జరుగ చోటుండదు. వారికి విశాలకోణ కటకమే శరణ్యము. నేటి సెల్‌ఫోనులలోని ముఖ్య కెమెరా కూడ ఈ జాతిదే. చట్రము చిన్నదైనను అది పట్టు కోణమును బట్టి చూచిన, పాత కెమెరాలోని 24 మొదలు 28 మిల్లీమీటర్ల కటకములతో సమానమగును.

మొదటి వికారము: కటకము వంచు గీత

కటకములోనికి పోవు కాంతిని అదుపుచేయుటకు నడుమ రంధ్రముగల డయాఫ్రము ఉండును. ఒంటి కుంభాకార కటకమునకు ముందు డయాఫ్రమును ఉంచితిమనుకొందము. దృశ్యపు అంచులనుండి ఏటవాలుగా వచ్చు కిరణములు ఆ రంధ్రము గుండా దూరి కటకపు అంచుభాగమునకు తగులును. అంచుభాగము కిరణములను కావలసినదానికంటె హెచ్చుగా లోనికి వంచును. అందుచే చిత్రపు అంచులు కేంద్రమువైపు లాగబడును. చతురస్రమునకు మూలలు కేంద్రమునుండి ఎక్కువ దూరమున నుండుటచే అవి ఎక్కువగా లోనికి పోవును. భుజముల నడుమలు తక్కువగా పోవును. భుజములు పీపా ప్రక్కల వలె వెలుపలికి ఉబ్బును. దీనికే పీపా విరూపణ అని పేరు. డయాఫ్రమును కటకమునకు వెనుక ఉంచినచో దీనికి వ్యతిరేకము జరుగును. భుజములు లోనికి నొక్కుకొనిపోవును.

ఒకటి వెలుపలికి, మరొకటి లోనికి వంచునప్పుడు రెండింటిని కలిపిన ఏమగును? 1866లో ఇంగ్లండులో డాల్‌మేయరు, జర్మనీలో స్టైన్‌హైలు విడివిడిగా ఈ మార్గమునే అనుసరించిరి. ఒకే విధమైన రెండు కటక సముదాయములను డయాఫ్రమునకు చెరియొక ప్రక్క అమర్చగా, ఒకదాని వంపును రెండవది తీర్చివేసెను. కట్టడముల చిత్రములలో గీతలు తిన్నగా వచ్చెను. కాని తరువాత అద్దపు కెమెరాలు ప్రబలినవి. వాటిలో కటకమునకు, ఫిల్ముకు నడుమ అద్దము లేచుటకు చోటు కావలెను. కావున విశాలకోణ కటకమునకు ముందు పుటాకార కటకములను, వెనుక కుంభాకార కటకములను పెట్టవలసివచ్చెను. ఫ్రాన్సు దేశపు ఆంజెన్యూ సంస్థ 1950లో ఈ విధమైన కటకమును వెలువరించెను. చోటు దొరకినది, సౌష్ఠవము పోయినది, పీపా వంపు మరల ప్రవేశించినది.

ఈ వంపునకు ఒక గుణము కలదు. అది ప్రతి బిందువును కేంద్రమువైపుగాని, కేంద్రమునుండి దూరముగాగాని జరుపును, ప్రక్కకు జరుపదు. కావున కేంద్రము గుండా పోవు తిన్నని గీత ఎప్పుడును తిన్నగనే యుండును. వంతెన పరీక్ష దీనిలోనే కలదు. వంతెన బారు చిత్రపు నట్టనడుమగా పోవునట్లు ఒక చిత్రము తీయవలెను. అప్పుడును వంపు కన్పట్టినచో అది వంతెనదే. వంపు మాయమైనచో అది కటకముది. సందేహము తీరనివారు వంతెనను ఒకమారు చట్రపు పైభాగమునను, మరియొకమారు క్రిందిభాగమునను ఉంచి తీయవచ్చును. పీపా వంపు పైన ఉన్నప్పుడు పైకి, క్రింద ఉన్నప్పుడు క్రిందికి తిరుగును. ఒకే వంతెన ఒక చిత్రములో ఉబ్బి, మరొక చిత్రములో క్రుంగుటకు కారణమిదియే. రోడ్డు-రైలు వంతెన కొసనగల నిజమైన వంపు ఎచ్చట ఉంచినను ఒకే దిక్కునకు తిరిగియుండును.

సెల్‌ఫోనును ప్రక్కకు త్రిప్పుచు తీయు పొడవాటి పనోరమా చిత్రములలో వంతెన వంగుటకు హేతువు వేరు. అచ్చట దృశ్యము ఒక గొట్టము లోపలి తలముపై పడినట్లు చిత్రింపబడి, ఆ గొట్టము కాగితమువలె పరచబడును. అందులో కంటిమట్టమున ఉన్న అడ్డగీత ఒక్కటే తిన్నగా నిలుచును. దానికి పైన, క్రింద ఉన్న అడ్డగీతలు వంగును. నిలువుగీతలు మాత్రము వంగవు.

రెండవ వికారము: ఒరిగిన గోపురము

కోనసీమలో కొబ్బరిచెట్టు ఒరిగియున్నచో అది నిజముగనే ఒరిగియుండవచ్చును. కాని ద్రాక్షారామ గోపురము ఫొటోలో వెనుకకు వాలినచో తప్పు వేరొకచోట నున్నది. గోపుర శిఖరము చట్రములో పట్టుటకై కెమెరాను పైకెత్తుదురు. అప్పుడు ఫిల్ము గోపురమునకు సమాంతరముగా నుండదు. రైలుపట్టాలు దూరమున కలిసికొన్నట్లు కన్పట్టుటకు ఏది కారణమో, గోపురపు నిలువుగీతలు పైన దగ్గరపడుటకును అదియే కారణము. ఇచ్చట గీతలు వంగవు, ఒరుగును, అంతే. ఎంత ఖరీదైన కటకమును వాడినను ఈ ఒరుగుట పోదు. ఏలనన అది కటకపు తప్పు కాదు, కెమెరా ఎత్తిన కోణపు ఫలితము.

దీనికి చికిత్స కెమెరాను నిటారుగా ఉంచుటయే. ఎదుటి మేడపైకెక్కి గోపురపు సగము ఎత్తునుండి తీయుట ఒక ఉపాయము. పూర్వపు తిత్తి కెమెరాలలో ఫిల్మును కదలింపక కటకమును మాత్రము పైకి జరుపు ఏర్పాటుండెను. నేడు ఆ పని చేయు ప్రత్యేక కటకములు దొరకును. మూడవ ఉపాయము, తీసిన పిదప కంప్యూటరుతో పైభాగమును వెడల్పుచేయుట. ఇందు చిత్రపు అంచులు కొంత కోల్పోవలసివచ్చును.

మూడవ వికారము: కొసన నిలిచినవారి ముఖములు

పెండ్లి గ్రూపు ఫొటోలో నడుమ కూర్చున్న వధూవరుల ముఖములు చక్కగా వచ్చును. బారు కొసన నిలిచిన మేనమామ ముఖము గుమ్మడికాయవలె వెడల్పగును. అందరును కటకమును నిందింతురు. చిత్రమేమనగా, గీతలను ఏమాత్రము వంచని నిర్దుష్టమైన కటకమే ఈ పని చేయును.

కెమెరా కన్నునుండి చూచినచో, గోళాకారపు తల ఎచ్చటనున్నను గుండ్రముగనే కన్పట్టును. కాని అంచునున్న తలనుండి వచ్చు కిరణముల శంకువు ఫిల్మును ఏటవాలుగా ఖండించును. దోసకాయను అడ్డముగా కోసిన ముక్క గుండ్రముగాను, ఏటవాలుగా కోసిన ముక్క కోలగాను ఉండుట వంటిదే ఇది. 24 మిల్లీమీటర్ల కటకమునకు ఈ లెక్క సులభము. చట్రపు సగము వెడల్పు 18, నాభ్యంతరము 24, కర్ణము 30. మూడు, నాలుగు, ఐదుల లంబకోణ త్రిభుజమిది. కర్ణమును నాభ్యంతరముతో భాగింప 1.25 వచ్చును. అనగా చట్రపు కొసనున్న తల ఎత్తుకంటె వెడల్పు నాలుగవ వంతు హెచ్చగును. 50 మిల్లీమీటర్ల కటకముతో ఈ హెచ్చు సుమారు 6 శాతము మాత్రమే. దానిని ఎవరును గుర్తింపరు. సెల్‌ఫోనులోని అతివిశాల కెమెరాతో వెడల్పు ఒకటిన్నర రెట్లను మించగలదు.

కొందరు ఫొటోగ్రాఫర్లు బారును విల్లువలె వంచి, కొసనున్నవారిని ముందుకు రప్పింతురు. అందరును కెమెరాకు సమదూరమున నుండినచో సమానముగా వత్తురని వారి తలంపు. ఫలితము విపరీతమగును. తిన్నని బారులో కొసవాని తల వెడల్పు మాత్రమే పెరుగును. విల్లు బారులో ఎత్తు 1.25 రెట్లు, వెడల్పు 1.56 రెట్లు అగును. తిన్నని బారే మేలు. అంతకంటె మేలు నాలుగడుగులు వెనుకకు పోయి, కొసలయందు కొంత ఖాళీ విడిచి, తరువాత అంచులను కత్తిరించుట.

ఈ వికారమును పూర్తిగా తొలగించుటకు వీలులేదా? వీలుకలదు, కాని దానికి మూల్యము చెల్లింపవలెను. భూగోళమును చదునైన కాగితముపై దింపు పటకర్తలకు ఎదురైన చిక్కే ఇది. 1569లో మెర్కేటరు రచించిన పటములో దిక్కులు సరిగా వచ్చెను, కాని ధ్రువములకు చేరువనున్న దేశములు పెక్కురెట్లు పెద్దవయ్యెను. కంటి చుట్టునున్న దృశ్యము కూడ ఒక గోళమే. దానిని కాగితముపై పరచునప్పుడు గీతలన్నియు తిన్నగా నిలుపవలెనన్నచో అంచుల ముఖములు సాగును. ముఖములన్నియు గుండ్రముగా నిలుపవలెనన్నచో గీతలు వంగును. రెండును ఒక్కసారి దొరకవు. వంతెనకు మొదటిది, పెండ్లివారికి రెండవది తగును. 30 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేసిన 24 మిల్లీమీటర్ల చిత్రమును ఒంటికంటితో 20 సెంటీమీటర్ల దూరమునుండి, నడుమకు ఎదురుగా చూచినచో సాగిన ముఖము మరల గుండ్రముగా కన్పట్టుట ఎవరైనను పరీక్షించుకొనవచ్చును.

లెక్కతో తిన్నబరచుట

పైమూడింటిలో కటకపు దోషము మొదటిది మాత్రమే. దానిని లెక్కకట్టి తొలగింపవచ్చును. కేంద్రమునుండి దూరము పెరుగుకొలది జరుగుట ఎట్లు పెరుగునో ముఖ్యముగా ఆ దూరపు వర్గముపై ఆధారపడును. మూలవద్ద బిందువు 3 శాతము లోనికి జరిగినచో, సగము దూరమున అది 0.75 శాతము మాత్రమే జరుగును. ఈ ఒక్క అంకె తెలిసినచో కంప్యూటరు ప్రతి బిందువును దాని స్థానమునకు త్రోయగలదు. నేటి సెల్‌ఫోనులు పెక్కింటిలో ఈ సవరణ చిత్రము తెరపైకి రాకముందే జరిగిపోవును.

ఆ అంకెను కనుగొనుటకు తిన్ననివని నిశ్చయముగా తెలిసిన గీతలు కావలెను. అమెరికాకు చెందిన డువేన్ బ్రౌను 1971లో ప్రకటించిన పద్ధతిలో అట్టి గీతలు బరువులు కట్టి వ్రేలాడదీసిన దారములే. గోడ నిలువును చూచుటకు తాపీమేస్త్రీ వాడు సాధనమే కెమెరా పరీక్షకును ఉపకరించినది. ఇంటివద్ద దీనిని చేయదలచినవారు అట్టి దారమును చట్రపు అంచున ఉండునట్లు తీసి, దాని వంపు ఎంతయో స్కేలుతో కొలువవచ్చును.

డెల్టాలో ఈ దోషమునకు వెల

గ్రూపు ఫొటో చెడినచో నవ్వుకొని ఊరకుండవచ్చును. కాని నేడు కెమెరా భూమిని కొలుచుచున్నది. 2020లో ఆంధ్రప్రదేశములో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులు వాడబడినవి. డ్రోను తిన్నగా క్రిందికి చూచుచు తీసిన వందలకొలది చిత్రములను కలిపి, నేల ఎత్తుపల్లములను లెక్కింపవచ్చును. కటకపు వంపు సరిగా సవరింపబడనిచో ప్రతి చిత్రములోని చిన్న తప్పును తరువాతి చిత్రము మోసికొనిపోవును. అన్నియు కలిసి, సమతలమైన నేల బోర్లించిన పళ్ళెమువలె నడుమ ఉబ్బినట్లో, వెల్లకిల పెట్టిన పళ్ళెమువలె పల్లమైనట్లో చూపును. జేమ్సు, రాబ్సను అను శాస్త్రజ్ఞులు 2014లో దీనిని వివరముగా పరిశీలించి, ఏటవాలు చిత్రములను కొన్నింటిని చేర్చినచో ఈ తప్పు ఎంతయో తగ్గునని చూపిరి. నేలపై ఎత్తు తెలిసిన గుర్తులను పెట్టుట మరొక రక్షణ.

కొండప్రాంతములో ఇట్టి చిన్న ఉబ్బు లెక్కకు రాకపోవచ్చును. గోదావరి డెల్టాలో అట్లుకాదు. ఇచ్చట నేల ఇంచుమించు బల్లపరుపు. కాలువనీరు చేలకు పారుటయు, వరదనీరు మురుగుకాలువలోనికి దిగుటయు స్వల్పమైన వాలుపైననే ఆధారపడియున్నవి. కటకము పుట్టించిన ఉబ్బు ఆ వాలును మించినచో, నీరు తూర్పునకు పారునో పడమరకు పారునో పటము తప్పుగా చెప్పును. అట్టి పటమును నమ్మి త్రవ్విన బోదెలో నీరు ఎక్కదు. కావున పటమును అందుకొన్నవారు మొదట అడుగవలసిన ప్రశ్నలు రెండు: కెమెరా కటకమును తిన్నని గీతలతో పరీక్షించిరా? నేలపై గుర్తులు పెట్టి, వాటిలో కొన్నింటిని లెక్కలో కలుపక, తనిఖీ కొరకు విడిచిరా? ఈ రెండింటికిని అవునను సమాధానము వచ్చిన పిదపనే కాలువగట్టుపై పార వేయవలెను.