రెండు పటములు, ఒక కంతి

వరదలో గోదావరి లంక ఎంత కోతకు గురియైనదో తెలియవలెనన్న, ముందు గీసిన పటమును, పిదప గీసిన పటమును ఒకదానిపై నొకటి పరచి చూడవలెను. కాగితముల అంచులు కలిసినంత మాత్రమున చాలదు. కదలని సరిహద్దు రాళ్ళు రెండు పటములలోను ఒక్కచోటికి రావలెను. అప్పుడు గాని నది తినివేసిన నేల ఎంతయో తేలదు. ఊపిరితిత్తిలోని కంతికి కిరణచికిత్స జరిగిన పిమ్మట వైద్యులు చేయు పరిశీలన ఇట్టిదే. దానిని గూర్చి పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్ కిరణములతో తీయు చిత్రమున అవయవముల నీడలు ఒకదానిపై నొకటి పడును. 1971లో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో దేహమును పొరలు పొరలుగా చూచు వీలు కలిగినది. ఇందులకు ఆయనకును, కార్మాక్‌కును 1979లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే రోగి రెండవసారి బల్లపై పరుండునప్పుడు దేహము మొదటివలె నుండదు. భుజము కొంచెము ఒరుగును, బరువు తగ్గియుండును. అన్నిటికంటె చిక్కు శ్వాసతో వచ్చును. విభాజక పటలము దాపున నున్న కంతి ఒక్క ఊపిరిలోనే సెంటీమీటరుకు మించి కదలవచ్చును. కావుననే ఊపిరి బిగబట్టించియో, శ్వాసను పది దశలుగా విభజించియో చిత్రములు తీసి, ఒకే దశలోని వానిని పోల్చుదురు.

పటములను సరిపుచ్చుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, పటమును వంచక జరుపుటయు త్రిప్పుటయు. ఇందు వెన్నుపూసలే సరిహద్దు రాళ్ళు. కాని ఊపిరితిత్తి ఎముక కాదు. సాగి ముడుచుకొను మెత్తని అవయవము. కావున రెండవ మార్గమున గణనయంత్రము ప్రతి బిందువునకును వేరువేరుగా స్థానచలనమును లెక్కించును. శ్వాసనాళములు, రక్తనాళములు చీలు చోట్లు ఇచట గుర్తులగును. ఇట్టి లెక్కలను పరీక్షించుటకై టెక్సాస్ పరిశోధకులు పదిమంది రోగుల పటములలో, ఒక్కొక్కరికి 300 గుర్తుల చొప్పున గుర్తించి అందరికిని అందుబాటులో నుంచిరి.

అపాయమును ఈ సాగదీతలోనే కలదు. చికిత్సచే కంతి కరిగినచో, ఆ కణజాలమునకు రెండవ పటమున జోడు లేదు. యంత్రము చుట్టుప్రక్కల భాగమును లాగి ఆ ఖాళీని పూరింపజూచును. కాగితమును సాగదీసి, లంక కోతపడనే లేదన్నట్లగును. కావున కంతిని విడిచి, చుట్టునున్న నాళముల నాధారముగా గొని పటములను కలుపుట మేలు. కంతి కొలతను సాగదీయని మూలచిత్రముననే తీయవలెను. 30 మిల్లీమీటర్ల కంతి 21కి తగ్గినచో వ్యాసము తగ్గినది 30 శాతమే; వైద్యులు పాక్షిక ఫలితమని వ్యవహరించు మేర ఇదియే. కంతి గుండ్రనిదైనచో, ఘనపరిమాణమున మాత్రము దాదాపు మూడవవంతే మిగిలినదన్నమాట.

మరియొక చిక్కు కలదు. కిరణములు తగిలిన ఊపిరితిత్తి తొలి నెలలలో వాచవచ్చును. అటుపై మచ్చకట్టి ముడుచుకొనవచ్చును. ఆ తెల్లని మరక మచ్చయా, తిరిగి మొలచిన వ్యాధియా? మచ్చను వ్యాధి యనుకొన్న అక్కరలేని కోత. వ్యాధిని మచ్చ యనుకొన్న విలువైన కాలనష్టము. కిరణముల మోతాదు పటమును దానిపై పరచి చూచిన, మరక ఆ హద్దులకు లోబడియున్నదా అన్నది తెలియును. అదొక్కటే తీర్పు కాజాలదు. వరుస చిత్రములలో అది పెరుగుచున్నదా అని చూచి, అవసరమైన ముక్క తీసి పరీక్షింతురు.

కావున ఇంటిలో ఇట్టి రోగి యున్నవారికి మా మనవి ఒక్కటి. నివేదిక కాగితము మాత్రమే దాచుకొని చిత్రములను పారవేయవలదు. చికిత్సకు పూర్వము తీసిన స్కాను ప్రతిని, ఆ డిస్కును భద్రపరచి ప్రతి పరీక్షకును వెంట తీసికొనిపొండు. అది లేనిచో క్రొత్త పటమును పోల్చి చూచుటకు వైద్యునికి ఆధారము దొరకదు.