ఆంగ్లవిశేషణములు - వాని జంటమాటలు

జహీరాబాదు వంటి కర్ణాటక సరిహద్దు పట్టణమున తెలుగు, ఉర్దూ, కన్నడములు నిత్యము వినవచ్చుచుండును. అట్టి యిండ్ల బిడ్డలకు ఆంగ్లమున విశేషణము వెంట వచ్చు చిన్నమాటయే చిక్కు. భయమునకు మన బాలవ్యాకరణము ‘వలన’ విధించినది, ఉర్దూలో ‘సే’, ఆంగ్లమున ‘అఫ్రెయిడ్ ఆఫ్’. తమ్ముని‘పై’ కోపమని మనమందుము. వారు ‘యాంగ్రీ విత్’ అందురు. లెక్కల‘లో’ దిట్టయన్నచో ‘గుడ్ ఎట్’. ఒకని‘తో’ వివాహమైనదన్నచో ‘మ్యారీడ్ టు’. మన విభక్తిని మక్కికి మక్కిగా మార్చుటచేతనే ‘ఆన్’, ‘ఇన్’, ‘విత్’ అని తప్పులు దొరలును. ఇది మందబుద్ధి గాదు, మాతృభాషాభ్యాసబలము. కావున సోదరీమణులారా! బిడ్డలను పరిహసింపక, జంటను విడదీయక, చిన్న వాక్యములుగా వల్లె వేయింతము. వారితోపాటు మనకును వచ్చును.